కోపర్నికసు – కల్తీ నాణెములు

భూమి కదలక నిలిచియున్నదనియు, సూర్యుడే దాని చుట్టు తిరుగుచున్నాడనియు లోకమంతయు నమ్మియున్న కాలమున, భూమియే సూర్యుని చుట్టు తిరుగుచున్నదని గణితముతో నిరూపింప పూనుకొనిన మహనీయుడు నికొలాసు కోపర్నికసు. ఖగోళశాస్త్ర చరిత్రమున అతని పేరు శాశ్వతముగ నిలిచియున్నది. కాని ఆకాశమును పరిశీలించిన ఆ కన్నులే బీదవాని అరచేతిలోని చిల్లర నాణెమును గూడ అంతటి శ్రద్ధతో పరీక్షించినవని ఎరిగినవారు తక్కువ. గ్రహగతులను గూర్చిన అతని మహాగ్రంథము అచ్చుపడుటకు ఇరువదియారు సంవత్సరములకు పూర్వమే అతడు నాణెములను గూర్చి ఒక వ్యాసమును వ్రాసెను. ఆ వృత్తాంతము తెలియనిచో అతని జీవితము సగమే తెలిసినట్లగును.

కోపర్నికసు 1473వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీన విస్తులా నదీతీరమునందలి టోరూన్ నగరమున జన్మించెను. నేడా నగరము పోలండు దేశమున ఉన్నది. బాల్టిక్ సముద్రమునకు దక్షిణముననున్న ఆ సీమను ఆ కాలమున ప్రష్యా యని పిలిచెడివారు. టోరూన్, డాన్‌జిగ్, ఎల్బింగ్ అనునవి ఆ సీమలోని గొప్ప వర్తక నగరములు. అచటి పౌరులలో పెక్కురు జర్మను భాష మాటలాడువారు. పూర్వము ఆ సీమనంతటిని ట్యుటానిక్ సంఘమను సైనికసంఘము పాలించుచుండెను. ఆ పాలన దుర్భరమగుటచే 1454లో నగరవాసులును గ్రామాధిపతులును తిరుగబడి పోలండు రాజును ఆశ్రయించిరి. పదుమూడు సంవత్సరములు యుద్ధము సాగెను. 1466లో టోరూన్ నగరమున సంధి జరిగెను. నాటినుండి సీమ రెండు భాగములయ్యెను. పడమటి భాగము పోలండు రాజు క్రిందికి వచ్చెను. తూర్పు భాగము సైనికసంఘము చేతిలో మిగిలెను.

యుద్ధము జరుగుచుండగనే, 1457లో, పోలండు రాజైన కాసిమిరు తనకు తోడ్పడిన ఆ నగరములకు స్వంత నాణెములను ముద్రించుకొను హక్కును ప్రసాదించెను. ఆ నగరములు సంపూర్ణ స్వతంత్రములు కావు. అయినను తమ సభ, తమ న్యాయస్థానము, తమ కోట, తమ టంకశాల కలిగి చిన్న రాజ్యములవలె మెలగుచుండెను. జర్మను భాష వాడుకలోనున్న ఇతర ప్రాంతములందును ఆ కాలమున ఇదే పద్ధతి. నూరెంబర్గు, లూబెక్, హాంబర్గు మున్నగు నగరములు తమ తమ ముద్రలతో నాణెములు విడుదల చేయుచుండెను. ఒక ఊరి నాణెము వేరొక ఊరికి పోవునప్పటికి దాని విలువ మారుచుండెను. ప్రతి సంతయందును త్రాసు చేతబట్టి నాణెములు మార్చియిచ్చు వ్యాపారులు కూర్చుండెడివారు.

కోపర్నికసు తండ్రి వర్తకుడు. రాగి వ్యాపారము చేసినవాడు. అట్టి యింట పుట్టిన బాలునకు తూకమును, లెక్కయు, నాణెమును కొత్తవి కావు. అతనికి పదేండ్ల ప్రాయమున తండ్రి మరణించెను. అప్పుడు మేనమామయగు లూకాసు అతనిని చేరదీసి పెంచెను. ఆ మేనమామ 1489లో వార్మియా అను ప్రాంతమునకు బిషప్పయ్యెను. మేనమామ ప్రాపున కోపర్నికసు 1491లో క్రాకో విశ్వవిద్యాలయమున చేరి గణితమును, జ్యోతిశ్శాస్త్రమును అభ్యసించెను. తరువాత ఇటలీ దేశమునకు పోయి బొలోన్యాలో ధర్మశాస్త్రమును, పాదువాలో వైద్యమును చదివెను. 1503లో ఫెర్రారా విశ్వవిద్యాలయము అతనికి ధర్మశాస్త్రమున డాక్టరు పట్టము నిచ్చెను. ఇన్ని విద్యలు నేర్చి అతడు స్వదేశమునకు మరలి వచ్చెను.

వార్మియా ప్రాంతమున ఫ్రాంబోర్క్ అను చిన్న పట్టణమున ఒక పెద్ద దేవాలయము కలదు. దానికి సంబంధించిన గురుమండలిలో కోపర్నికసు సభ్యుడు. అచట అతడు రాత్రులందు నక్షత్రములను పరిశీలించుచు, పగటివేళల మండలి పనులను చక్కబెట్టుచుండెను. రోగులకు మందులిచ్చెడివాడు. 1516లో గురుమండలి అతనిని తన భూముల పర్యవేక్షణకు నియమించి ఓల్స్టిన్ కోటకు పంపెను. శిస్తు వసూలు చేయుట, తగవులు తీర్చుట, బీడువడిన పొలములలో రైతులను నిలుపుట అతని విధులు. అతడు పల్లె పల్లెకును స్వయముగ పోయెను. ఏ రైతు ఏ పొలమును స్వీకరించెనో, అతనికి ఎన్ని గుఱ్ఱములు, ఎన్ని ఆవులు ఉండెనో స్వహస్తముతో పుస్తకమున వ్రాసికొనెను. ఆ పుస్తకము నేటికిని భద్రముగ ఉన్నది.

ఈ పనిలోనే అతనికి నాణెముల కీడు కన్నులకు కట్టినట్లు కనబడెను. ప్రష్యా సీమలో లెక్కలన్నియు మార్కు అను ప్రమాణముతో జరుగుచుండెను. అయితే మార్కు అను నాణెము లేదు. అది లెక్కకు మాత్రమే. చేతికి దొరకునవి షిల్లింగులును, ఫెన్నిగులును. పండ్రెండు ఫెన్నిగులు ఒక షిల్లింగు. అరువది షిల్లింగులు ఒక మార్కు. అనగా ఒక మార్కునకు 720 ఫెన్నిగులు. రొట్టె కొనుటకును, కూలి చెల్లించుటకును, శిస్తు కట్టుటకును ఈ చిల్లరయే ఆధారము. ధనికులు బంగారు నాణెములను పెట్టెలలో దాచుకొనగలరు. పేదవాని సంపద యంతయు ఈ చిల్లర నాణెములే.

ఈ నాణెములు వెండిని రాగితో కలిపి చేసినవి. రాగిని కలుపుట దోషము కాదు. కేవలము వెండితోనే ఫెన్నిగును చేసినచో అది వ్రేళ్లకు చిక్కనంత చిన్నదై పోవును. కావున తగుపాళ్లలో రాగి చేర్చుట న్యాయమే. మంచి దినములలో నాలుగు పాళ్ల లోహమున మూడు పాళ్లు వెండి యుండెడిది. దోషమంతయు ఆ పాలును రహస్యముగ తగ్గించుటయందు కలదు. ఒక లెక్క చూతము. డెబ్బదియైదు తులముల వెండికి ఇరువదియైదు తులముల రాగిని చేర్చి నూరు నాణెములు కొట్టవచ్చుననుకొందము. అదే వెండికి డెబ్బదియైదు తులముల రాగిని చేర్చినచో నూటయేబది నాణెములు వచ్చును. పేరు అదే, ముద్ర అదే, చెప్పు విలువ అదే. కాని లోపలి వెండి మూడవ వంతు తగ్గిపోయినది. అదనముగ వచ్చిన యేబది నాణెములు టంకశాల కలవానికి లాభము. ఆ లాభము ఆకాశమునుండి ఊడిపడినది కాదు. నాణెము పుచ్చుకొనిన వారందరి చేతులనుండియు కొంచెము కొంచెముగ తీసికొనినదే.

చిల్లర నాణెముల విషయమున ఈ దురాశకు మరియొక కారణము గలదు. పెద్ద నాణెమును ముద్రించుటకెంత శ్రమయో, చిన్న నాణెమును ముద్రించుటకును దాదాపు అంతే శ్రమ. కూలి ఖర్చులు పోగా చిన్న నాణెముపై మిగులునది స్వల్పము. కావున టంకశాలల వారు వెండిలో కోత పెట్టి ఆ లోటును పూడ్చుకొనజూచిరి. సైనికసంఘమును, నగరములును ఈ విషయమున ఒకరితో ఒకరు పోటీపడిరి. ఒకరి నాణెము చెడిపోగా, తక్కినవారు మంచి నాణెమును ముద్రించినను నష్టపోవుటయే కాని లాభము లేకపోయెను. కంసాలులును, లోహముల మర్మమెరిగిన వ్యాపారులును పాత నాణెములలో మంచివాటిని ఏరి, మూసలలో కరిగించి, వెండిని వేరుచేసి అమ్ముకొనిరి. చెడ్డ నాణెములే సామాన్యుల చేతులలో తిరుగుచుండెను. అన్యదేశపు వర్తకులు వాటిని పుచ్చుకొనుటకు నిరాకరించిరి. సరకుల ధరలు పెరిగెను. నిర్ణీతమైన శిస్తుపై ఆధారపడిన గురుమండలికిని ఆదాయము తరిగిపోయెను. అయినను రోజుకూలితో బ్రదుకువాని కష్టమే అన్నిటికంటె దుస్సహము. నిన్నటి కూలికి నేడు అంత రొట్టె రాదు. ఏల రాదో అతనికి తెలియదు.

1517వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన కోపర్నికసు నాణెములను గూర్చిన తన మొదటి వ్యాసమును లాటిన్ భాషలో ముగించెను. రెండేండ్ల తరువాత, సామాన్య పౌరులకును తెలియునట్లు, దానిని జర్మను భాషలో వ్రాసెను. అటుపిమ్మట దానిని విస్తరించి 1526లో తుది రూపమునకు తెచ్చెను. రాజ్యములను క్షీణింపజేయు కీడులు ప్రధానముగ నాలుగని అతడు అందు చెప్పెను. అవి అంతఃకలహము, మహామారి, భూమి నిస్సారమగుట, నాణెము చెడుట. మొదటి మూడును ఎల్లరకును కనబడును. నాలుగవది మాత్రము ఒక్కసారిగ గాక, మెల్లమెల్లగ, చాటుమాటుగ రాజ్యమును కూల్చును. అందుచేత ఆలోచనపరులు తప్ప తక్కినవారు దానిని గుర్తింపరని అతని అభిప్రాయము.

చెడ్డ నాణెములు మంచి నాణెములను చెలామణినుండి వెడలగొట్టునని అతడు స్పష్టముగ వివరించెను. నాణెములను మితిమీరి ముద్రించినను వాటి విలువ తగ్గునని గూడ గ్రహించెను. చవుక నాణెము పేదలకు మేలు చేయునని వాదించువారు ఆనాడును ఉండిరి. ఆ వాదమును అతడు అంగీకరింపలేదు. మంచి నాణెము గల దేశములలో వర్తకమును, చేతిపనులును వర్ధిల్లుచుండగా, నాణెము చెడిన దేశములలో సోమరితనమును దారిద్ర్యమును ప్రబలుచున్నవని అతడు చూపెను.

రోగమును చెప్పి ఊరకుండుట వైద్యునకు తగదు. కోపర్నికసు చికిత్సను గూడ సూచించెను. నగరమునకొక టంకశాల యుండరాదు. రాజు క్రిందనున్న భాగమునకు ఒకటి, తూర్పు భాగమునకు ఒకటి చాలును. నాణెము ఏ ఒక్క నగరము పేరను గాక సీమ యంతటి పేరను వెలువడవలెను. క్రొత్త నాణెము వచ్చిన వెంటనే పాత చెడ్డ నాణెములను పూర్తిగ రద్దుచేయవలెను; లేనిచో పాతవి క్రొత్తవానిని గూడ చెరచును. ఒక పౌను వెండినుండి ఎన్ని నాణెములు రావలెనో నిర్ణయించి ఆ హద్దు మీరరాదు. ప్రష్యా నాణెమునకును పోలండు నాణెమునకును సమత కుదుర్చవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, నాణెములు ముద్రించుటవలన పాలకుడు లాభమును ఆశింపరాదు.

ఈ సూచనలు నోటితో చెప్పినంత సులభముగ ఆచరణకు వచ్చునవి కావు. ఇంతలో యుద్ధము వచ్చెను. 1519 చివర సైనికసంఘమునకును పోలండు రాజునకును వైరము రగుల్కొనెను. 1520 జనవరిలో శత్రుసైన్యములు ఫ్రాంబోర్క్ పట్టణమును తగులబెట్టెను. కోపర్నికసు ఓల్స్టిన్ కోటను చేరి, దాని రక్షణకు ఏర్పాట్లు చేసి, సహాయము కోరుచు రాజునకు లేఖ వ్రాసెను. 1521 ఆరంభమున శత్రువులు కోటపై పడిరి, కాని లోబరచుకొనజాలకపోయిరి. ఆ యుద్ధమున కిరాయి సైనికులకు జీతములిచ్చుటకై సైనికసంఘపు అధిపతి ఆల్‌బ్రెక్టు నాణెములను మరింత చెరచెను. ఆ విధముగ యుద్ధము పొలములను పాడుచేయుటయే గాక ప్రజల చేతులలోని నాణెమును గూడ పాడుచేసెను.

1522 మార్చి 21వ తేదీన గ్రూడ్జియాండ్జ్ పట్టణమున ప్రష్యా ప్రతినిధుల సభ జరిగెను. రాజు పంపిన రాయబారులును వచ్చిరి. ఆ సభలో కోపర్నికసు తన వ్యాసమును వినిపించెను. సభలో అతనికి ఎదురుగ నున్నవారు శత్రువులు కారు. టంకశాలల హక్కును అనుభవించుచున్న నగరముల ప్రతినిధులు. వారిలో అతడు పుట్టి పెరిగిన టోరూన్ నగరము వారును కలరు. తన జన్మస్థానపు ఆదాయమునకు తానే గండికొట్టవలసిన దుర్ఘటము అతనికి తటస్థించెను. సీమ యంతటి మేలు కొరకు అతడు అందులకు వెనుదీయలేదు. పితృపితామహుల నాట సంపాదించిన హక్కును వదలుకొనుటకు నగరములు ఇష్టపడలేదు. ఏ నిర్ణయమును జరుగక సభ ముగిసెను.

కోపర్నికసు నిరుత్సాహపడి పనిని విడువలేదు. తన వ్యాసమును మరల దిద్దెను. తరువాతి చర్చలలో పాల్గొనెను. 1525లో ఆల్‌బ్రెక్టు సైనికసంఘమును విడిచి, పోలండు రాజునకు సామంతుడై, తూర్పు ప్రష్యాకు డ్యూకయ్యెను. పరిస్థితులు కొంత అనుకూలించెను. సిగిస్మండు రాజు తన రాజ్యమున నాణెములను సంస్కరింప పూనుకొనెను. ఆ పనిలో రాజునకు సలహాలిచ్చినవారు ఇతరులును కలరు. 1528లో టోరూన్ నగరమున రాజుగారి టంకశాల తెరువబడెను. దానినుండి వెలువడిన గ్రోషను నాణెముపై, అది ఏ ఒక్క నగరమునకో గాక ప్రష్యా భూములన్నిటికిని ఉమ్మడి నాణెమని చెక్కబడెను. పోలండు నాణెముతో సమతయు కుదిరెను.

అయితే కోపర్నికసు కోరినదంతయు నెరవేరలేదు. 1530 మొదలుకొని డాన్‌జిగ్ నగరము తిరిగి తన టంకశాలను నడుపసాగెను. ఎల్బింగును అదే త్రోవ పట్టెను. ఆ తరువాతను జర్మను దేశములలో ఈ రోగము మరల మరల తలయెత్తెను. 1619 మొదలు 1623 వరకు, ముప్పదియేండ్ల యుద్ధపు తొలిదినములలో, చిల్లర నాణెములలో వెండి దాదాపు మాయమై, కేవలము రాగియే మిగిలిన చోట్లు కలవు. కూలివారును, సైనికులును, బడిపంతుళ్లును అలమటించిరి. కోపర్నికసు నూరేండ్లకు ముందే చేసిన హెచ్చరిక ఎంత యథార్థమో ఆ దినములు చాటెను.

నాణెమును గూర్చి ఆలోచించినవాడు రొట్టెను మరచునా? 1531 ప్రాంతమున కోపర్నికసు రొట్టెలను గూర్చియు ఒక లెక్కను కట్టెను. ధాన్యపు ధర హెచ్చినప్పుడును తగ్గినప్పుడును రొట్టె అమ్మువాడును కొనువాడును మోసపోకుండునట్లు, ధాన్యపు ధరకును రొట్టెకును గల సంబంధమును పట్టికగ ఏర్పరచెను. గ్రహముల గతులను కొలుచుటకు వినియోగించిన గణితమే పేదవాని రొట్టె విషయమునను ఉపయోగపడెను.

ఈ పనులన్నిటి నడుమ అతని మహాగ్రంథము మెల్లగ పెరుగుచుండెను. సూర్యుడు కేంద్రమని తెలుపు ఒక చిన్న వ్రాతప్రతిని అతడు 1514కు పూర్వమే మిత్రులకు పంపియుండెను. కాని పూర్తి గ్రంథమును ప్రకటించుటకు చాలకాలము సంకోచించెను. 1539లో రేటికసు అను యువకుడైన గణితశాస్త్రజ్ఞుడు ఫ్రాంబోర్కునకు వచ్చి అతనికి శిష్యుడై, గ్రంథమును ముద్రింప ప్రోత్సహించెను. ఆ సిద్ధాంతమును సంగ్రహముగ తెలుపు పుస్తకమును రేటికసు 1540లో డాన్‌జిగ్ నగరమున అచ్చు వేయించెను. మహాగ్రంథము 1543లో నూరెంబర్గు నగరమున పెట్రేయుసు అనువాని ముద్రణాలయమున అచ్చయ్యెను. అప్పటికి కోపర్నికసు పక్షవాతముతో మంచము పట్టియుండెను. ఆ సంవత్సరము మే 24వ తేదీన అతడు ఫ్రాంబోర్కులో కన్ను మూసెను. అచ్చయిన గ్రంథపు ప్రతి అతని చివరి దినముననే అతని చేతికి చేరెనని చెప్పుదురు.

అతని దేహమును ఫ్రాంబోర్కు దేవాలయమున సమాధి చేసిరి. సమాధిపై పేరు లేకపోవుటచే ఆ చోటు ఏదియో చిరకాలము తెలియలేదు. 2005లో పరిశోధకులు అచట త్రవ్వి కొన్ని అస్థికలను కనుగొనిరి. కోపర్నికసు వాడిన ఒక పుస్తకమున చిక్కియున్న వెండ్రుకలతో వాటిని పోల్చి, 2008లో అవి అతనివేయని ప్రకటించిరి. 2010 మే 22వ తేదీన అదే దేవాలయమున గౌరవముతో తిరిగి సమాధి చేసిరి.

నాణెముల వ్యాసము అతని కాలమున అచ్చు కాలేదు. వ్రాతప్రతులుగ నిలిచియుండి 1816లో మాత్రమే ముద్రణకు వచ్చెను. చెడ్డ నాణెము మంచి నాణెమును తరిమివేయుననెడి సూత్రమును నేడు ఇంగ్లండు దేశీయుడగు గ్రెషాము పేర పిలుచుచున్నారు. కోపర్నికసు తన మొదటి వ్యాసమును ముగించిన నాటికి గ్రెషాము ఇంకను పుట్టనే లేదు. కోపర్నికసునకు ముందు పదునాలుగవ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు పండితుడు ఒరెము గూడ నాణెములను చెరచు పాలకులను ఖండించియుండెను. కాని ఒక సీమ కష్టమును కన్నులార చూచి, లెక్కకట్టి, సభలో నిలిచి, మార్గము చూపిన ఘనత కోపర్నికసునకు దక్కినది.

నాణెముపై గల ముద్ర ఒక వాగ్దానము వంటిది. ఇందులో ఇంత వెండి కలదని పాలకుడు ప్రజలకిచ్చిన మాటయే అది. ఆ మాట తప్పినచో మొదట నష్టపోవువాడు ఆ మాటను పరీక్షింప శక్తి లేని పేదవాడు. ఈ సత్యమును కోపర్నికసు గుర్తించెను. కంటికి కనబడుదానిని అట్లే నమ్మక, దాని వెనుకనున్న యథార్థమును వెదకుట అతని స్వభావము. సూర్యుడు ఉదయించి అస్తమించుచున్నట్లు కనబడినను అతడు దానితో తృప్తిపడలేదు. షిల్లింగు పైకి షిల్లింగువలె కనబడినను దానితోను తృప్తిపడలేదు. భూగోళమంతటి గొప్ప విషయమైనను, ఫెన్నిగంతటి చిన్న విషయమైనను సత్యము సత్యమే యని అతని జీవితము మనకు బోధించుచున్నది.